మూడో కొలత

లేదు పటేలా, మా కాకకు కళ్ళు పోలేదు.

నిన్న దినాల భోజనాల దగ్గర నలుగురూ వింటుండగా మీరన్న మాటకు నేను జవాబు చెప్పలేదు. భయపడి కాదు. జవాబులో సగం తిరిగి నా మీదికే వస్తుందని తెలిసి ఊరుకున్నాను. ఇవాళ పొద్దున్నే కాక ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మీ ఒక్కరికే రాయడం లేదు. ఆ మాట విన్నవాళ్ళకూ, వాళ్ళ నోటి నుంచి రేపు వినబోయేవాళ్ళకూ రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. తప్పులుంటే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

మా కాక పోయి పదకొండు రోజులైంది. కాక అంటే మా నాయన తమ్ముడు. కొత్తవాడ చివర రేకుల షెడ్డులో కార్ల బాడీలు బాగుచేసేవాడు. సొట్టలు తీయడం, తుప్పుపట్టిన రేకు కోసి కొత్తది అతకడం, దెబ్బతిన్న బండికి పాత బండి నుంచి కోసుకొచ్చిన భాగాన్ని అమర్చడం ఆయన పని. కబురు అందినప్పుడు నేను హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతున్నాను. మా వాడలో మగ్గం నేసే ఒకాయన సైకిలు దిగకుండానే చెప్పాడు.

"మీ కాక పోయిండు రా. దవాఖానలకెళ్లి ఇంటికి తెస్తాండ్రు."

"నువ్వు చూసినవా, ఎవలన్న చెప్పిండ్రా?" అని అడిగాను.

ఆయన నన్ను కాసేపు అట్లాగే చూశాడు. "సావు ముచ్చట గూడ అనుమానమేనారా నీకు" అని పెడల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఏం చేయను. అది కాక నేర్పిన ప్రశ్న. ఏ కబురు వచ్చినా ఆయన ముందు అడిగేది అదే. చూసినవాడి మాట ఒక సంచిలో, విన్నవాడి మాట ఇంకో సంచిలో వేసేవాడు. రెండో సంచి ఎప్పుడూ మూతి కట్టే ఉండేది. ఆ రోజు చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చాను. వాకిట్లో మంచం వేసి ఉంది. ఇక అడగాల్సిందేమీ లేకపోయింది.

ఇప్పుడు పటేల్ సంగతి. పటేల్‌ది పాలకుర్తి దగ్గర ఊరు. పాత అంబాసిడర్ ఒకటి కొని టాక్సీకి తిప్పుతున్నాడు. దాని డ్రైవర్ని నేనే. వానాకాలంలో లారీని తప్పించబోయి నేను కల్వర్టు గోడకు ఎడమ పక్క గీకించాను. ముందు తలుపు, తలుపును మోసే పిల్లర్, కింది పట్టీ లోపలికి పోయాయి. తలుపు దొరుకుతుంది. తలుపు కూర్చునే చట్రం దొరకడమే కష్టం. ములుగు రోడ్డులో పాత బండ్లు కోసి అమ్మే దుకాణంలో అలాంటి చట్రం ఒకటి దొరికింది. కాక దాన్ని వద్దన్నాడని బండి షెడ్డులోనే ఆగిపోయింది. నిన్న పటేల్ విస్తరి ముందు కూర్చుని అన్న మాట ఇది:

"మీ కాకకు ఆఖరికి కండ్లు అవుపడలే పిలగా. మంచి చట్రాన్ని పనికిరాదన్నడు. ఆయన మాట వట్టుకొని నా బండి నెలన్నర సంది షెడ్ల పండుకున్నది. రేపు ఆ చట్రమే తెస్త. గ్యాస్ వెల్డింగాయనను పిలిపిస్త. ఎవలు ఆపుతరో సూస్త."

ఆ రేపు ఇవాళే. ఆ చట్రం సరిపోనిదైతే, మేడారం జాతరకు ఆ బండిలో కిక్కిరిసి కూర్చునే పిల్లాజెల్లా తలుపు నమ్మకం లేని బండిలో అడవి దారి పడతారు. స్టీరింగ్ నా చేతిలో ఉంటుంది. సరిపోయేదైతే, పటేల్ బండి నెలన్నర ఊరికే ఆగినట్టు, పోయినాయన గుడ్డివాడని పేరు తెచ్చుకున్నట్టు. రెండింట్లో ఏది నిజమో ఈ క్షణం నాకు తెలియదు. తెలియకపోవడానికి కారణం కాక కాదు.

కాక మొదట నేతగాడు. మా ఇంట్లో అందరమూ జంపఖానాలు నేసినవాళ్ళమే. డెబ్బైల్లో మగ్గం మీద బతుకు సాగనప్పుడు ఆయన గుంట మగ్గం దిగి మోటారు షెడ్డు ఎక్కాడు. చేతి వేళ్ళు మాత్రం దిగలేదు. రేకు మీద చెయ్యి వేసినా నూలు పట్టుకున్నట్టే బొటనవేలు, చూపుడువేలు కలిపి నలిపేవాడు. మొలతాడుకు ఒక అయస్కాంతం వేలాడేది. పాడైపోయిన రేడియో స్పీకర్ నుంచి పీకింది. ఎవరు బండి తెచ్చినా మాట కలపకముందే దాన్ని విప్పి తలుపు మీద, పిల్లర్ మీద, పట్టీ మీద ఆనించేవాడు. అది పట్టుకోని చోట వేలితో కొట్టేవాడు. "ఈడ ఇనుము లేదు బిడ్డా, లప్పం ఉన్నది. లప్పం అంటే అబద్ధానికి రంగేసుడు" అనేవాడు.

ఆయన అనుమానం బండ్లతో ఆగేది కాదు. హోటల్లో చాయ్ సాసర్‌లో పోసుకుని వెలుతురుకు పట్టి చూసేవాడు. కొత్త కుండను నాలుగు పక్కలా కొట్టి విన్నాకే చిన్నమ్మను పొయ్యి మీద పెట్టనిచ్చేవాడు. మా అక్కను చూడటానికి పెళ్ళివారు వచ్చినప్పుడు అందరూ పిల్లవాడి ముఖం చూస్తుంటే ఈయన గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తిరగేసి చూశాడు. కుడి చెప్పు మడమ బాగా అరిగి ఉంది.

"పిలగాడు కాలు ఈడుస్తడు. ఎన్నడన్న వడ్డడా అడుగుండ్రి" అన్నాడు లోపలికి వచ్చి.

వాళ్ళు నవ్వారు. ఆ చెప్పులు పిల్లవాడివి కావట. పెళ్ళిచూపులకని పక్కింటి ఆయనవి అడిగి వేసుకొచ్చాడట. కాక తగ్గలేదు.

"చెప్పులే అడుక్కచ్చినోడు ఇంకేం అడుక్కచ్చిండో చూడుండ్రి మరి."

పెళ్ళి ఆయనతోనే అయింది. మంచివాడు. కాకపోతే ఆ తర్వాత ఎప్పుడు మా ఇంటికి వచ్చినా మా బావ చెప్పులు సంచిలో పెట్టుకుని లోపలికి తెచ్చుకునేవాడు. మొన్న పాడె మోసిన నలుగురిలో ఆయన ఒకడు. ఆ రోజు వట్టి కాళ్ళతో వచ్చాడు.

ఇదంతా చెప్పి నవ్విస్తున్నాను గానీ, ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో ఆయన నాతో ఎప్పుడూ చెప్పలేదు. చిన్నమ్మ చెప్పింది. పని కొత్తలో ఎవరో తెచ్చిన పిల్లర్‌ను వాళ్ళ మాట మీద నమ్మి అతికించాడట. చూడటానికి బరాబర్ ఉందట. నెల తిరక్కుండా ఒక మలుపులో ఆ తలుపు దానంతటదే తెరుచుకుని, పక్కన కూర్చున్న ఆడమనిషి రోడ్డు మీద పడింది. చెయ్యి విరిగింది. ఆమె బతికే ఉంది, కాకను ఎవరూ ఏమీ అనలేదు. ఆయన మాత్రం అప్పటి నుంచి ఎవరి మాట మీదా రేకు కోయలేదు.

ములుగు రోడ్డు దుకాణానికి ఆయనతో నేను చాలాసార్లు వెళ్ళాను. నాకు ఒకచోట కాలు నిలవదు. పవర్లూమ్ మీద కొన్నాళ్ళు, సినిమా హాల్లో గేటు దగ్గర కొన్నాళ్ళు, లారీ మీద కొన్నాళ్ళు. పని లేని రోజుల్లో కాక సైకిలు వెనక కూర్చునేవాణ్ణి. దుకాణమాయన మమ్మల్ని చూడగానే తల పట్టుకునేవాడు.

"వచ్చినవా కాకా. నీకు అమ్ముడుకంటె కాల్వల ఏసుడు నయం."

కాక ఆ మాట పట్టించుకోకుండా చట్రం చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తర్వాత అడిగేవాడు.

"ఈ బండి ఎట్ల సచ్చింది?"

"ముసల్దయి సచ్చింది."

"ముసల్దయి సచ్చిన బండికి ముందట మొఖం ఎందుకు లేదు?"

"మొఖం వేరే ఆయన కొనుక్కపోయిండు."

"ఎవలాయన? ఆయన్ని అడుగుత."

దుకాణమాయన దేవుళ్ళను తలుచుకునేవాడు. కాక బీడీ కూడా ముట్టించకుండా నిలబడేవాడు. బండి ఎందుకు చచ్చిందో చెప్పనోడు భాగం అమ్మడు, రోగం అమ్ముతాడు అనేది ఆయన నమ్మకం. చట్రం లోపలి వైపు, ఎవరూ రంగు వేయని మూలలో మేకుతో సన్నగా గీకేవాడు. ఎన్ని రంగుల పొరలు ఉన్నాయో లెక్కపెట్టేవాడు. కంపెనీలో అతికిన చోట చిన్న చిన్న చుక్కలు వరసగా ఉంటాయి. ఎవరైనా మళ్ళీ అతికితే ఆ వరస తెగి, గ్యాస్ మంట తాలూకు గడ్డ ఉంటుంది. దాని కోసం వేలు లోపలికి పెట్టి తడిమేవాడు. తలుపును పట్టే కబ్జాలు బిగించే బెజ్జాలు చూసేవాడు. బెజ్జం గుండ్రంగా ఉండాలి. సాగి కోడిగుడ్డులా ఉంటే ఆ చట్రం మీద సరిపోని తలుపును ఎవరో బలవంతంగా బిగించారని అర్థం.

ఇవన్నీ అయ్యాక జేబులోంచి దారం తీసేవాడు.

ఆ దారం గురించే నేను అసలు చెప్పాల్సింది. ఆయన దగ్గర టేపు ఉండేది, వాడేవాడు కాదు. "టేపు మీద అంకెలుంటయి. అంకె గుర్తుంటే మనిషి దారి పొంటి దాన్ని మారుస్తడు. ముడి మారదు" అనేవాడు. జంపఖానాకు పడుగు వేసే మందపు నూలు దారమే, బారెడున్నర ఉండేది. బండికి ఒక పక్క దెబ్బ తగిలితే రెండో పక్క బాగానే ఉంటుంది కదా. ఆ బాగున్న తలుపు చట్రంలో కింది మూల నుంచి ఎదురుగా ఉన్న పై మూలకు దారం లాగి ఒక ముడి వేసేవాడు. మిగిలిన రెండు మూలలకూ లాగి ఇంకో ముడి. ఇది మొదటి కొలత. అదే దారంతో దుకాణంలోని చట్రాన్ని కొలిచేది రెండో కొలత. ఒరిగిన చట్రం నులక మంచం లాంటిది. ఒక కోడు పట్టుకుని పక్కకు లాగితే ఒక మూల కొలత పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. దారం ఆ గుట్టు ఇట్టే బయటపెడుతుంది.

చాలామంది అక్కడితో సరిపెట్టేవాళ్ళు. కాక షెడ్డుకు తిరిగొచ్చి, అదే దారంతో మన బండినే మళ్ళీ కొలిచేవాడు. అది మూడో కొలత. కొలిచిన ప్రతిసారీ ఆ మూలలో సుద్దతో ఒక గీత పెట్టేవాడు. మన బండి మీద రెండు గీతలు పడితేనే పని పూర్తయినట్టు. ఆ సాయంత్రమే ముళ్ళు విప్పేసేవాడు. నిన్నటి ముడితో ఇవాళ ఎవరూ కొలవకూడదు.

"ఒక్కసారి కొలిచినదాన్ని మళ్ళ కొలుసుడెందుకు కాకా, బండి ఏమన్న పెరుగుతదా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"బండి పెరగదు కొడుకా. దారం తగ్గుతది. వానకాలం పడుగు ఎట్ల బిగుస్తదో నీకు ఎరుక లేదా? చట్రాన్ని అనుమానించెటందుకు ముందుగాల దారాన్ని అనుమానించాలె. దారం కంటె ముందు దాన్ని వట్టినోన్ని."

ఆ మూడో కొలత ఎందుకో నేను కళ్ళారా చూశాను. ఒక తొలకరి రోజు కాక దుకాణంలో దారం వేసి, ముళ్ళు అందకపోయేసరికి దుకాణమాయన్ను నలుగురిలో కడిగేశాడు. వంకర చట్రాన్ని సక్కదని అమ్ముతున్నావన్నాడు. ఆయన ముఖం నల్లబడింది. మేము షెడ్డుకు వచ్చాం. కాక మన బండి మీద దారం వేశాడు. మన బండికీ ముళ్ళు సరిగ్గా అంతే తక్కువొచ్చాయి. దారం తుంపరకు తడిసి బిగుసుకుపోయింది. కాక సైకిలు తీశాడు. వాన జోరందుకుంటోంది. రేపు చెప్పొచ్చు కదా అన్నాను. విననట్టు ఎక్కి కూర్చున్నాడు.

"నీ చట్రం మంచిదే. తప్పు నాది" అన్నాడు దుకాణమాయనతో.

"పోనియ్యి కాకా. గదేం పెద్ద ముచ్చట."

"నలుగుట్ల అన్న గద. ఆ నలుగురిని పిలువు."

"వాళ్ళేడున్నరిప్పుడు? ఎవల ఇంటికి వాళ్ళు పోయిండ్రు."

కాక అక్కడే ఒక టైరు మీద కూర్చున్నాడు. తడిసిన చొక్కాతో అట్లాగే కూర్చున్నాడు. వాన వెలిసి ఆ నలుగురిలో ఇద్దరు చాయ్‌కి ఆ దారినే వచ్చేదాకా లేవలేదు. వాళ్ళ ముందు ఆ రెండు మాటలూ మళ్ళీ చెప్పి సైకిలెక్కాడు. దారిలో నాతో ఒక్కటే అన్నాడు. "నలుగుట్ల అన్న మాటను నలుగుట్లనే తీసుకోవాలె."

అందుకే పటేలా, మీ చెవిలో చెప్పాల్సిందాన్ని ఇలా అందరూ చదివేట్టు రాస్తున్నాను.

మీ బండికి చట్రం చూడాల్సి వచ్చేసరికి కాక మంచం పట్టాడు. ఊపిరి అందేది కాదు. మాట్లాడితే మధ్యలో ఆగేవాడు. మంచంలోంచే నన్ను పిలిచి దారం ఇచ్చాడు. ఆయన తన దారాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నేను మీ బండి కుడి తలుపు చట్రానికి దారం లాగి రెండు ముళ్ళు వేశాను. సుద్ద గీత పెట్టాను. దారాన్ని చొక్కా జేబులో పెట్టుకుని సైకిలు మీద ములుగు రోడ్డుకు వెళ్ళాను. దారి పొడుగునా తుంపర. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. దుకాణంలో చట్రానికి దారం వేశాను. రెండు ముళ్ళూ వేలెడు అందలేదు.

దుకాణమాయన నన్ను చూసి నవ్వాడు. "కాక లేడు, నీకేం తెలుస్తది" అన్నట్టు అనిపించింది. ఆ నవ్వు మీద నాకు అనుమానం వచ్చింది. చట్రం మీద వచ్చింది. ఇంత దూరం నన్ను తరిమిన మీ మీద కూడా వచ్చింది. జేబులో తడిసిన దారం మీద మాత్రం రాలేదు. తిరిగొచ్చేటప్పుడు షెడ్డు ముందు నుంచే వచ్చాను. లోపలికి వెళ్ళి దారం లాగి చూడటానికి ఎంతసేపు? బీడీ తాగినంతసేపు. ఆ రోజు సాయంత్రం హన్మకొండలో ఒక లారీ ఓనర్ను కలవాల్సి ఉంది, కొత్త పని మాట్లాడుకోవడానికి. మీ టాక్సీ వదిలేద్దామనుకున్నాను. కాలు ఆగలేదు.

కాక మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు.

"రెండు ముళ్ళు ఒక్క తీరుగనే తక్కువొచ్చినయా?" అని అడిగాడు.

"ఒక్క తీరుగనే. ఏలెడు."

కళ్ళు మూసుకున్నాడు. వంకర చట్రమైతే ఒకటి తగ్గి ఒకటి పెరగాలి. రెండూ ఒకేలా తగ్గడం ఏమిటో ఆయనకు అప్పుడే తట్టి ఉంటుంది. దారం అందుకుని బొటనవేలితో నలిపాడు.

"మూడోది తీసినవా?"

"తీసిన."

"బరాబర్ వచ్చిందా?"

"వచ్చింది కాకా."

నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు చట్రం లోపల వేలు పెట్టి తడిమినట్టే ఉంది. నేను గోడకున్న క్యాలెండర్ వైపు చూశాను.

"పటేల్‌ను జర ఆగుమను" అన్నాడు.

నేను ఏం చేశానో వినండి. ఆగుమన్నాడని మీకు చెప్తే, కాక కొలవడానికి మళ్ళీ నన్నే పంపిస్తాడు. మళ్ళీ సైకిలు, మళ్ళీ వాన. అందుకని మీ దగ్గరికి వచ్చి "కాక వద్దన్నడు" అన్నాను. పనికిరాదన్నది ఆయన మాట కాదు పటేలా, నా మాట. కళ్ళు పోయింది కూడా ఆయనకు కాదు.

ఆ తర్వాత నెల రోజులకు పైగా కాక బతికే ఉన్నాడు. నేను నాలుగైదుసార్లు గుమ్మం దాకా వచ్చాను. "ఎట్లున్నది కాకా" అని నిలబడే అడిగి వెళ్ళిపోయాను. ఎప్పుడు వచ్చినా ఆయన మంచం పైన మేకుకు ఆ దారం వేలాడుతూ ఉండేది, రెండు ముళ్ళతో. ఏ రోజు ముడి ఆ రోజే విప్పే మనిషి. చూశాను గానీ అడగలేదు. అడిగితే ఏం చెప్తాడోనని అనుమానం.

నిన్న మీరు లేచి వెళ్ళిపోయాక, విస్తళ్ళు తీస్తూ చిన్నమ్మ నా దగ్గర ఆగింది.

"ఎందుకు గమ్మునున్నవు కొడుకా? పటేల్ గంత మాట అంటాంటె."

నేను వంగి ఇంకో విస్తరి తీశాను. ఆమె తనే చెప్పింది. నేను దారం తెచ్చి ఇచ్చిన మర్నాడు కాక మంచం దిగాడట. వద్దంటే వినలేదట. గోడ పట్టుకుని, సందులో ఆరేసిన రంగు నూలు కొయ్యలు పట్టుకుని, పది అడుగులకోసారి ఆగుతూ షెడ్డు దాకా నడిచాడట. చిన్నమ్మ వెనకే వెళ్ళింది. మీ బండి కుడి తలుపు దగ్గర వంగి చూశాడట. సుద్ద గీత ఒక్కటే ఉంది.

"ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమనలే. ఇంటికచ్చినంక దారాన్ని మేకుకు తగిలియ్యుమన్నడు. ముళ్ళు ఇప్పాల్నా అంటే వద్దన్నడు."

"నన్ను పిలువుమనలేదా?"

"నేనే అన్న, వాన్ని పిలుస్త అని. వద్దే, వాడే వస్తడు అన్నడు." ఎంగిలి విస్తళ్ళు చేతిలో పట్టుకుని ఆమె కాసేపు నిలబడింది. "పొద్దుమాపు గుమ్మం దిక్కే సూసెటోడు. నువ్వొస్తివి, పోతివి. కూసుంటివా ఒక్కనాడన్న?"

లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి. చాయ్‌ని నమ్మలేదు, కుండను నమ్మలేదు, పెళ్ళికొడుకు చెప్పుల్ని నమ్మలేదు. నేను అబద్ధం చెప్పానని కళ్ళతో చూసి వచ్చాక కూడా, వాడే వస్తాడని నన్ను నమ్మాడు. ఆయన జీవితంలో అన్ని కొలతలూ సరిగ్గానే తీశాడు, ఈ ఒక్కటి తప్ప. ఆయన ఉండగా నేను రాలేదు.

ఇది చదివేవాళ్ళలో బండి ఉన్నవాళ్ళు, రేపు కొనబోయేవాళ్ళు ఉంటారు. పాత చట్రం కొనే పని పడితే, ఆ బండి ఎట్లా చచ్చిందో అడగండి. రంగు కింద గీకి చూడండి. మీ బండిని కొలిచి, దాన్ని కొలిచి, మళ్ళీ మీ బండినే కొలవండి. నడుమ ఎవరో మీ మనిషి సైకిలు మీద వెళ్ళొస్తే, వాడు మీ అన్న కొడుకైనా సరే, సుద్ద గీతలు లెక్కపెట్టండి.

చిన్నమ్మ పొద్దున్నే మేకుకున్న దారం తీసి నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. నెలన్నర అయింది, బాగా ఆరిపోయింది. అవే ముళ్ళతో చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది కదా అని నా బద్ధకం అంటోంది. పాత ముడితో కొలవకూడదు. మీ బండి మీద కొత్తగా లాగి, కొత్త ముడి వేసి, మీరు తెచ్చే చట్రం మీద లాగి, మళ్ళీ మీ బండి మీద లాగాలి. అప్పుడు కూడా తేడా వస్తే వెల్డింగాయన కాళ్ళకు అడ్డం పడతాను. రాకపోతే మీ ముందు, నిన్న తిన్నవాళ్ళందరి ముందు, తప్పు నాదని చెప్తాను. ఎవరైనా లేకపోతే వచ్చేదాకా టైరు మీద కూర్చుంటాను.

దానికి ముందు ఈ రెండు ముళ్ళూ విప్పాలి. నేను వేసినవే. తడిసి, ఆరి, రాయిలా బిగుసుకున్నాయి. గోరు ఆనడం లేదు. ఒకటి పళ్ళతో పట్టి లాగితే వచ్చింది. నోట్లో తుప్పు రుచి. ముడి ఉన్నచోట దారం ఇంకా మెలిక తిరిగే ఉంది, ఎంత సాగదీసినా ఆ వంకర పోవడం లేదు. రెండోది రావడం లేదు.

సందు మొదట్లో తోపుడు బండి చప్పుడు వినిపిస్తోంది. దాని మీద రేకు ఊగుతున్న మోత. పటేల్ గొంతు కూడా. నేను పోవాలి.